ఊదా బ్యాక్టీరియా, గంజినీళ్లు, హైడ్రోజన్

భివండిలో నేసే నూలు కోరా బట్టలో దారంతో పాటు పిండి కూడా ఉంటుంది. మరమగ్గం మీద పడుగు పోగులు నిమిషానికి వందకు పైగా సార్లు పైకీ కిందికీ కదులుతూ ఒకదానితో ఒకటి రాసుకుంటాయి కనుక, అవి తెగకుండా నిలవాలంటే పడుగు చుట్టిన బీమ్ మగ్గానికి ఎక్కకముందే పోగులకు గంజి పట్టించి, ఆవిరితో వేడెక్కిన సిలిండర్ల మీద ఆరబెట్టాలి. పట్టణంలో సైజింగ్ అని పిలిచే ఈ పనికి మొక్కజొన్న పిండి, కర్రపెండలం పిండి, చింతగింజల పిండి వంటివి వాడతారు. పాలిస్టర్ కలిసిన దారమైతే పాలీవినైల్ ఆల్కహాల్ అనే కృత్రిమ జిగురు కూడా తోడవుతుంది. ఈ గంజి బట్టలో శాశ్వతంగా ఉండిపోయేది కాదు. బట్టకు రంగు పట్టాలంటే పిండిని తొలగించాలి, అందుకు అమైలేజ్ అనే ఎంజైమ్‌తో దాన్ని చక్కెరలుగా విడగొట్టి కడిగేస్తారు. నూలు బట్టను శుద్ధి చేసి రంగు వేసే మొత్తం ప్రక్రియలో వెలువడే సేంద్రియ కాలుష్యంలో దాదాపు సగం ఈ ఒక్క మెట్టు నుంచే వస్తుందని వస్త్ర రసాయన శాస్త్రజ్ఞులు చెబుతారు. భివండి కోరా బట్టలో చాలా భాగం ఇతర పట్టణాల ప్రాసెసింగ్ మిల్లులకు తరలిపోతుంది కనుక పిండిలో కొంత దానితోనే వెళ్లిపోతుంది. మిగిలినది సైజింగ్ తొట్లు కడిగిన నీటితోనూ, స్థానిక డైయింగ్ యూనిట్ల మురుగుతోనూ కాలువలకు, అక్కడి నుంచి కామ్వారి నదికి చేరుతుంది.

థానే జిల్లాలోని ఈ పట్టణంలో మరమగ్గాలు 1930లలో మొదలై, 1982 నాటి ముంబై మిల్లు కార్మికుల సమ్మె తరువాత విస్తరించాయి. వాటిని నడిపినవారిలో కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరలివెళ్లిన పద్మశాలీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. పద్మానగర్ పేటలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. ఆ సాంచాల (మరమగ్గాల) మీద నేసే బట్టకు అంటిన గంజికీ, హైదరాబాద్‌లోని ఒక ప్రయోగశాలలో వేరుచేసిన సూక్ష్మజీవికీ సంబంధం ఉండగలదన్నది పైకి విడ్డూరంగా తోచవచ్చు. అయితే వెలుతురును వాడుకొని సేంద్రియ వ్యర్థాల నుంచి హైడ్రోజన్ తీసే సూక్ష్మజీవులపై ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరిశోధనలో ఎక్కువగా కనిపించే పేర్లలో ఒకటి రోడోబ్యాక్టర్ స్ఫెరాయిడిస్ ఓ.యు. 001, ఆ ఓ.యు. ఉస్మానియా యూనివర్సిటీ.

సూక్ష్మజీవుల చేత హైడ్రోజన్ తయారు చేయించడమన్న ఆలోచన కొత్తది కాదు. కిరణజన్య సంయోగక్రియ జరిపే ఆకుపచ్చ శైవలాలు కొన్ని పరిస్థితుల్లో హైడ్రోజన్ వాయువును పీల్చుకోగలవనీ, విడుదల చేయగలవనీ హాన్స్ గాఫ్రాన్ 1939 నుంచి 1942 వరకు ప్రచురించిన పరిశోధనలు చూపించాయి. శైవలం నీటి అణువును వెలుతురు శక్తితో చీల్చి ఎలక్ట్రాన్లను, ప్రోటాన్లను, ఆక్సిజన్‌ను వేరుచేస్తుంది. ఆ ఎలక్ట్రాన్లను ప్రోటాన్లతో కలిపే హైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ దాని దగ్గర ఉంటే, నీరూ ఎండా తప్ప మరేమీ లేకుండానే ఇంధనం పుట్టాలి. చిక్కు ఆక్సిజన్ దగ్గర ఉంది. శైవలాల్లోని ఇనుప కేంద్రకపు హైడ్రోజినేజ్ ఆక్సిజన్ సోకగానే శాశ్వతంగా చెడిపోతుంది, అంటే నీటిని చీల్చే యంత్రమే తన పక్కనున్న హైడ్రోజన్ యంత్రాన్ని పాడుచేస్తుంది. 2000లో అనస్తాసియోస్ మెలిస్ బృందం క్లామిడోమోనాస్ అనే శైవలానికి గంధకం అందకుండా చేసి, నీటిని చీల్చే భాగం నెమ్మదించేలా చూసి, శ్వాసక్రియ ఆక్సిజన్‌ను మింగేసిన తరువాత కొన్ని రోజుల పాటు హైడ్రోజన్ రాబట్టగలిగింది. అది ఎంతో పేరు పొందిన ప్రయోగమే అయినా, ఆకలితో మాడ్చిన జీవి నుంచి దీర్ఘకాలం పని ఆశించలేమన్న సంగతిని కూడా అదే నిరూపించింది.

ఊదా బ్యాక్టీరియాలో ఈ చిక్కే లేదు, ఎందుకంటే అవి నీటిని చీల్చవు. రోడోబ్యాక్టర్, రోడోస్పిరిల్లమ్, రోడోసూడోమోనాస్ వంటి పేర్లున్న ఈ జీవులు ఆక్సిజన్ లేని చోట వెలుతురుతో బతుకుతాయి. ఎలక్ట్రాన్లను ఎసిటిక్, లాక్టిక్, బ్యూటిరిక్ వంటి సేంద్రియ ఆమ్లాల నుంచి తీసుకుంటాయి. వాటిలోని బ్యాక్టీరియోక్లోరోఫిల్, మొక్కలకు పనికిరాని 800 నుంచి 870 నానోమీటర్ల పరారుణ కాంతిని కూడా పట్టుకుంటుంది. చెరువు అడుగు బురదలోనూ, మురుగు కుంటల్లోనూ అవి సహజంగా పెరుగుతాయి. 1949లో హోవార్డ్ గెస్ట్, మార్టిన్ కామెన్ రోడోస్పిరిల్లమ్ రుబ్రమ్‌ను పెంచుతున్నప్పుడు వెలుతురులో హైడ్రోజన్ వెలువడటం గమనించారు. కార్బన్-14ను కనుగొన్న ఇద్దరిలో కామెన్ ఒకరు. నత్రజని వాయువు గానీ అమ్మోనియా గానీ అందిస్తే ఆ హైడ్రోజన్ ఆగిపోతోందన్నది వారు గమనించిన మరో విషయం, దానికి ప్రాముఖ్యం అంతకన్నా ఎక్కువ. ఆ ఆగిపోవడం నుంచే ఈ బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరీకరించగలదని తేలింది, హైడ్రోజన్‌ను పుట్టిస్తున్నది కూడా అదే నత్రజని స్థిరీకరణ ఎంజైమ్ అని తరువాతి పరిశోధన నిర్ధారించింది.

నైట్రోజినేజ్ అనే ఆ ఎంజైమ్ అసలు పని నత్రజనిని అమ్మోనియాగా మార్చడం. ఒక నత్రజని అణువుకు ఎనిమిది ఎలక్ట్రాన్లు, 16 ఏటీపీ అణువులు ఖర్చవుతాయి. ఏటీపీ అంటే కణంలో శక్తిని చేతులు మార్చే నాణెం వంటి పదార్థం. ఆ ఎనిమిది ఎలక్ట్రాన్లలోనూ రెండు ఎలాగూ హైడ్రోజన్‌గా పోతాయి. చుట్టూ నత్రజని లేకుండా చేస్తే ఎంజైమ్ ఖాళీగా ఉండక, ఎలక్ట్రాన్లన్నిటినీ ప్రోటాన్లకే కట్టబెట్టి హైడ్రోజన్ మాత్రమే తయారు చేస్తుంది. ఖర్చు మాత్రం తగ్గదు: ఒక్కో హైడ్రోజన్ అణువుకు నాలుగు ఏటీపీలు కావాలి, ఎంజైమ్ వేగమూ సెకనుకు కొన్ని అణువులకు మించదు, శైవలాల హైడ్రోజినేజ్ అదే సెకనులో వేల అణువులను తయారు చేస్తుంది. ఇంత ఖరీదైన, ఇంత మందకొడి యంత్రాన్ని శాస్త్రజ్ఞులు ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నకు జవాబు దాని మొండితనంలో ఉంది. ఏటీపీ ఖర్చు పెట్టి నెడుతుంది కనుక ఈ ఎంజైమ్ చర్య వెనక్కి మళ్లదు. పాత్రలో హైడ్రోజన్ పేరుకుపోయినా అది ఇంకా తయారు చేస్తూనే ఉంటుంది. ఆ ఏటీపీ ఎండ నుంచి ఉచితంగా వస్తుంది కాబట్టి, ఎసిటికామ్లంలో ఉన్న ఎలక్ట్రాన్లను దాదాపు పూర్తిగా పిండి, ఒక్కో అణువుకు సిద్ధాంతరీత్యా నాలుగు హైడ్రోజన్ అణువులు రాబట్టగలదు. వెలుతురు వాడని ఏ బ్యాక్టీరియాకూ ఇది ఒంటరిగా సాధ్యం కాదు.

1990ల ఆరంభంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో శశికళ, సిహెచ్. వెంకట రమణ, పి. రఘువీర్ రావు చేసిన కృషి ఈ దశలో మొదలైంది. ఓ.యు. 001 ఒక స్ట్రెయిన్, అంటే ఒకే జాతిలోని ప్రత్యేక వంశం. రోడోబ్యాక్టర్ స్ఫెరాయిడిస్‌లో ఓ.యు. 001 అనే వంశం ఏ వెలుతురులో, ఏ ఆహారంతో, పాత్రలో ఏ వాయువు నింపితే ఎక్కువ హైడ్రోజన్ ఇస్తుందో వారు వరుస పత్రాలలో వివరించారు. లాక్టిక్ ఆమ్లం తయారుచేసే పరిశ్రమ మురుగునూ, డిస్టిలరీ మురుగునూ దానికి ఆహారంగా పెట్టి చూశారు. శుద్ధమైన రసాయనంతో ప్రయోగశాలలో పనిచేసే సూక్ష్మజీవులు ఎన్నో ఉంటాయి గానీ కర్మాగారపు మురికినీటిలో బతికేవి తక్కువ కనుక, తొలి రోజుల్లోనే వ్యర్థజలాన్ని ఎంచుకోవడం ఆ పరిశోధనకున్న దూరదృష్టి. ఆ వంశాన్ని జర్మనీలోని సూక్ష్మజీవుల భాండాగారంలో 5864 సంఖ్యతో భద్రపరచారు, అక్కడి నుంచి అది దేశదేశాల ప్రయోగశాలలకు వెళ్లింది. 1993లో ఈ బ్యాక్టీరియా శరీరధర్మాలనూ హైడ్రోజన్ సాంకేతికతనూ సమీక్షిస్తూ ఇదే బృందం వెలువరించిన దీర్ఘవ్యాసంలో హంగేరీ శాస్త్రజ్ఞుడు కోర్నెల్ కోవాచ్ కూడా భాగస్వామి. శశికళ, రమణల బృందమే పాతికేళ్ల తరువాత, 2019లో, జన్యుసమాచారం ఆధారంగా రోడోబ్యాక్టర్ ప్రజాతినే విడదీసి కొత్త పేర్లు పెట్టాలని ప్రతిపాదించింది. హైడ్రోజన్ పరిశోధకులు మాత్రం పాత పేరును అంత తొందరగా వదలలేదు.

ఓ.యు. 001 ఎక్కువ కాలం పనిచేసిన చోటు హైదరాబాద్ కాదు, టర్కీ రాజధాని అంకారా. అక్కడి మిడిల్ ఈస్ట్ టెక్నికల్ యూనివర్సిటీ పరిశోధకులు 1990ల నుంచి దాన్ని పెంచుతూ, 2004లో ఆలివ్ నూనె మిల్లుల వ్యర్థజలాన్నే ఏకైక ఆహారంగా ఇచ్చి హైడ్రోజన్ తీశారు. ఆలివ్ మురుగు నల్లగా ఉండి వెలుతురును లోపలికి రానివ్వదు కనుక నూటికి నాలుగు పాళ్లకు మించకుండా పలుచన చేయవలసి వచ్చింది. రంగు వ్యర్థాలు కలిసిన మురుగు ఉన్న ఏ ఊరికైనా ఈ వివరం ముఖ్యమైనది.

ఓ.యు. 001 జన్యువులను మార్చే ప్రయోగమూ అంకారాలో జరిగింది. ఊదా బ్యాక్టీరియాకు హైడ్రోజన్‌ను వదిలేయడం నష్టం. అది ఎంతో శక్తి ఖర్చుపెట్టి తయారు చేసిన సరుకు. అందువల్ల దాని దగ్గర గ్రహణ హైడ్రోజినేజ్ అనే మరో ఎంజైమ్ కాపుకాసి, నైట్రోజినేజ్ విడిచిన హైడ్రోజన్‌ను మళ్లీ పట్టుకొని ఎలక్ట్రాన్లను కణంలోకే లాగుతుంది. 2008లో అంకారా బృందం, కోవాచ్‌తో కలిసి, ఓ.యు. 001లో ఈ ఎంజైమ్‌కు సంబంధించిన జన్యువులను పనిచేయకుండా చేసినప్పుడు మొత్తం హైడ్రోజన్ సుమారు ఐదో వంతు పెరిగింది. జన్యువుల మార్పు అనగానే సామాన్య పాఠకుడు ఊహించుకునే కొత్త శక్తి ఏదీ ఇక్కడ బ్యాక్టీరియాకు రాలేదు. ఉన్న పొదుపు అలవాటును మాన్పించారు, అంతే. ఈ రంగంలోని విజయాల్లో అధిక భాగం ఇటువంటివే.

మాన్పించవలసిన పొదుపులు మరికొన్ని ఉన్నాయి. ఆహారం ఎక్కువై నత్రజని తక్కువైనప్పుడు ఈ బ్యాక్టీరియా ఎలక్ట్రాన్లను పాలీహైడ్రాక్సీబ్యూటిరేట్ అనే ప్లాస్టిక్ వంటి పదార్థంగా గింజలు గింజలుగా దాచుకుంటుంది. ఆ దారిని మూస్తే ఎలక్ట్రాన్లు హైడ్రోజన్ వైపు మళ్లుతాయి. కాంతిని పట్టే వర్ణద్రవ్యాలను అది అవసరానికి మించి పెట్టుకోవడం మరొకటి. మసక కుంటలో పోటీదార్లకు వెలుతురు దక్కకుండా చేసేందుకు పరిణామం ఇచ్చిన ఈ ఆయుధం గాజు పాత్రలో శాపమవుతుంది, ఎందుకంటే పైపొరలోని కణాలు వాడుకోలేనంత కాంతిని మింగి వేడిగా వృథా చేస్తే లోపలి పొరలు చీకట్లో మిగిలిపోతాయి. జపాన్ పరిశోధకులు వర్ణద్రవ్యం తగ్గించిన రోడోబ్యాక్టర్ రకాలను తయారు చేసింది ఇందుకే. అమ్మోనియా ఉంటే నైట్రోజినేజ్ తయారీయే ఆగిపోతుందన్నది అన్నిటికంటే పెద్ద అడ్డంకి, వ్యర్థజలాల్లో అమ్మోనియా సామాన్యంగా ఉండేదే. అమెరికాలో కారొలైన్ హార్వుడ్ బృందం 2007లో రోడోసూడోమోనాస్ పాలస్ట్రిస్‌లో నైట్రోజినేజ్‌ను నియంత్రించే ఒక జన్యువులో చిన్న మార్పు ఉన్న రకాలను వేరుచేసి, అమ్మోనియా ఉన్నా అవి హైడ్రోజన్ ఇవ్వగలవని చూపింది.

ఇక గంజి విషయానికి వస్తే, ఊదా బ్యాక్టీరియాకు పిండి సరిగా అరగదు. పిండిని చక్కెరగా, చక్కెరను ఆమ్లాలుగా మార్చే మొదటి మెట్టును చీకట్లో పనిచేసే వేరే బ్యాక్టీరియాకు అప్పగించాలి. చీకటి కిణ్వనం అనే ఆ దశలోనే ఒక గ్లూకోజ్ అణువుకు గరిష్ఠంగా నాలుగు హైడ్రోజన్ అణువులు, రెండు ఎసిటికామ్లపు అణువులు వస్తాయి; ఆ ఎసిటికామ్లాన్ని ఊదా బ్యాక్టీరియాకు ఇస్తే మరో ఎనిమిది, వెరసి పన్నెండు. మొదటి దశ మీద హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో ఎస్. వెంకట మోహన్ బృందం విస్తృతంగా పనిచేసింది. ఏదో ఒక శుద్ధ జాతిని కాక, మురుగులో సహజంగా ఉండే మిశ్రమ సూక్ష్మజీవులనే వాడి, మీథేన్ చేసేవాటిని అణచి, ఆమ్లాలూ హైడ్రోజన్ చేసేవాటిని నిలిపి, రకరకాల వ్యర్థజలాలతో ఆ బృందం ప్రయోగాలు జరిపింది. వెంకట మోహన్‌కు 2014లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం లభించింది. రెండు దశలనూ కలిపి చూసిన పెద్ద ప్రయత్నం యూరోపియన్ యూనియన్ సహాయంతో 2006లో మొదలైన హైవల్యూషన్ ప్రాజెక్టు. అంకారా బృందం కూడా అందులో భాగస్వామే.

భివండి గంజినీటిని ఈ రెండు దశల కొలతతో చూస్తే అనుకూలాలు కొన్ని వెంటనే కనిపిస్తాయి. మొక్కజొన్న, కర్రపెండలం పిండిలో నత్రజని దాదాపు ఉండదు కనుక అమ్మోనియా బెడద తక్కువ. రంగు కలవకముందే, సైజింగ్ తొట్టి దగ్గరే పట్టుకోగలిగితే ఆ నీరు ఆలివ్ మురుగులా నల్లగా కాక పాలలా ఉంటుంది. ప్రతికూలాల్లో మొదటిది పాలీవినైల్ ఆల్కహాల్, దాన్ని ఈ సూక్ష్మజీవులేవీ సులువుగా తినవు. గంజి పులిసిపోకుండా కలిపే రసాయనాలు బ్యాక్టీరియాకూ విషమే. చిన్న యూనిట్లు ఊరంతా చెదిరి ఉండటం వల్ల నీటిని ఒకచోటికి చేర్చడం మరో సమస్య. కొంకణ్ వానాకాలంలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఆకాశం మూసుకుపోయి ఉంటుంది, ఎండ మీద ఆధారపడే రెండో దశ సరిగ్గా ఆ నెలల్లో చతికిలపడుతుంది.

లెక్కలు ఇంతకంటే నిక్కచ్చిగా మాట్లాడతాయి. ఈ అక్షాంశంలో ఒక చదరపు మీటరుపై రోజుకు సగటున 5 యూనిట్ల (కిలోవాట్-గంటల) ఎండ పడుతుందనుకుంటే, ఆరుబయట పెట్టిన పెద్ద పాత్రల్లో ఊదా బ్యాక్టీరియా దానిలో నూటికి ఒక వంతును హైడ్రోజన్‌గా మార్చడమే గొప్ప. కిలో హైడ్రోజన్‌లో 33 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే రోజుకు కిలో రావాలంటే 660 చదరపు మీటర్లు, ఆరున్నర గుంటల నేల కావాలి. ఆ కిలోను సగం సామర్థ్యంతో పనిచేసే ఫ్యూయల్ సెల్‌లో వాడితే, ఒక హార్స్‌పవర్ మోటారుతో నడిచే ఒక్క సాంచా దాదాపు ఒక పగలూ రాత్రీ నడుస్తుంది. సౌర ఫలకాల కరెంటుతో నీటిని విడగొట్టి అదే కిలో హైడ్రోజన్ తీయడానికి 50, 55 చదరపు మీటర్లు సరిపోతాయి, ఆ కరెంటును హైడ్రోజన్‌గా మార్చకుండా నేరుగా సాంచాకు ఇస్తే 16 చాలు. ఎండను ఇంధనంగా మార్చే యంత్రంగా మాత్రమే చూస్తే, నేటి బ్యాక్టీరియా సౌర ఫలకం ముందు నిలవదు. 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన 19,744 కోట్ల రూపాయల జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ ప్రధానంగా నీటిని కరెంటుతో విడగొట్టే దారినే నమ్ముకోవడంలో ఆశ్చర్యం లేదు.

వ్యర్థజలాన్ని శుభ్రం చేసే యంత్రంగా చూస్తే లెక్క మారుతుంది, కానీ అక్కడా గట్టి పోటీదారు ఉంది. కిలో పిండి నుంచి రెండు దశల్లో సిద్ధాంతరీత్యా 150 గ్రాముల వరకు హైడ్రోజన్ రావచ్చు, అది దాదాపు 5 యూనిట్ల శక్తి. అదే పిండిని మామూలు బయోగ్యాస్ ట్యాంకులో వేస్తే సిద్ధాంతరీత్యా 300 గ్రాముల మీథేన్, అంటే 4 యూనిట్లు. ఆ తేడా ఎండ చేర్చిన భాగమే, దానికోసం గుంటల కొద్దీ గాజు గొట్టాలు పరచాలి. బయోగ్యాస్ ట్యాంకుకు వెలుతురే అక్కర్లేదు, అది తన సిద్ధాంత పరిమితికి ఎంతో దగ్గరగా పనిచేస్తుంది కూడా. కాబట్టి ఉద్దేశం వేడి పుట్టించడమే అయితే చీకటి దశలో వచ్చిన కొంత హైడ్రోజన్‌నూ, ఆ తరువాతి ట్యాంకులో వచ్చే మీథేన్‌నూ కలిపి మండించడం సమంజసం. గంజి ఆరబెట్టే ఆవిరి కోసం కట్టెలో బొగ్గో మండించే సైజింగ్ బాయిలర్ ఆ వాయువుకు పక్కనే దొరికే వినియోగదారు. ఊదా బ్యాక్టీరియా చేత చేయించదగిన పని, మీథేన్ మీద కాక శుద్ధ హైడ్రోజన్ మీదనే ఆధారపడే వాడకం ఉన్నచోటనే ఉంటుంది.

జన్యువులు మార్చిన రకాలనే వాడాలంటే మరో షరతు తోడవుతుంది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నియమాల ప్రకారం అటువంటి సూక్ష్మజీవులను ఆరుబయటికి వదలడానికి కేంద్ర స్థాయి అనుమతి కావాలి, కనుక కామ్వారిలో కలిసే కాలువలోకి అవి జారకుండా పాత్రలు మూసి ఉండాలి, బయటికి వెళ్లే నీటిలో జీవకణాలను చంపాలి. ప్రయోగశాలలో ఖర్చుగా కనిపించని ఈ మెట్టు, లక్షల లీటర్ల మురుగుకు వర్తింపజేస్తే అన్నిటికంటే పెద్ద ఖర్చు కావచ్చు. పొదుపు అలవాట్లు మాన్పించిన రకం సహజ వాతావరణంలో తన బంధువులతో పోటీపడి నెగ్గే అవకాశం తక్కువన్న వాదనలో నిజం ఉంది గానీ, అనుమతి ఇచ్చే కమిటీకి వాదన సరిపోదు, కొలిచిన ఫలితం కావాలి.

నేల ఖరీదు ఎక్కువైన భివండిలో గాజు పాత్రలకు చోటు ఎక్కడన్న ప్రశ్నకు, పట్టణం చుట్టూ వెలసిన వందల గోదాముల విశాలమైన కప్పులను చూపడం తేలిక. పది సెంటీమీటర్ల మందం నీరు చదరపు మీటరుకు 100 కిలోలు తూగుతుంది, సౌర ఫలకమైతే 10 నుంచి 15 కిలోలు. ఆ రేకుల కప్పులు మోయగలిగేది రెండోదాన్నే. అందువల్ల వర్ణద్రవ్యం తగ్గించి, పలుచటి పొరలో కూడా చురుగ్గా పనిచేసే రకాల కోసం జన్యుశాస్త్రజ్ఞులు చేస్తున్న ప్రయత్నం, ఒకటి రెండు సెంటీమీటర్ల నీటితోనే సరిపెట్టగలిగే స్థాయికి వచ్చిననాడు ఆ కప్పుల గురించి మళ్లీ లెక్క వేయవచ్చు.